గొట్టాలాయన పదకొండు క్లెయిములు

మా వీధిలో ఆయన్ని అందరూ గొట్టాలాయన అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుపడితే మాస్టారూ అనేవారు. నేను తమ్ముడూ అనేదాన్ని, ఆయన నన్ను అక్కయ్యా అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఉన్నదల్లా మధ్యన ఒక గోడ. ముప్పై ఏళ్ళు ఒకే గోడకు అటొకరూ ఇటొకరూ వీపు ఆనించి బతికాక చుట్టరికం వేరే వెతుక్కోనక్కర్లేదు.

దుకాణాల నెత్తిన వెలిగే గాజు అక్షరాలు చేయడం ఆయన పని. సన్నటి గాజు గొట్టాన్ని మంట మీద తిప్పుతూ తిప్పుతూ, అది మెత్తబడగానే కాగితం మీద గీసుకున్న అక్షరం మీద పెట్టి వంచేవాడు. వంపు దగ్గర నొక్కుకుపోకుండా, చివర తగిలించిన రబ్బరు గొట్టాన్ని పళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా ఊదేవాడు. ఎక్కువ ఊదితే బుడగ, తక్కువ ఊదితే నొక్కు. ఊపిరిని కొలిచి వాడుకునే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అక్షరాలన్నీ తిరగేసి గీసుకునేవాడు. వెనకవైపు నుంచి వంచితేనే ముందువైపు చదునుగా వస్తుందట. ఆ కాగితాలు గోడ నిండా ఉండేవి. నేను చదివింది అయిదో తరగతే అయినా, రాసి ఉన్నది కనబడితే చదవకుండా వదిలే రకాన్ని కాను. చేతి అద్దం పట్టుకుని వెళ్ళి ఒక్కొక్కటీ చదివేదాన్ని. వాళ్ళావిడ, నేను మరదలు అంటాను, నవ్వీ నవ్వకుండా నాకో కుర్చీ జరిపేది.

గొట్టం వంచాక లోపలి గాలంతా పంపుతో లాగేసి ఒక రకం గ్యాసు నింపితే ఎరుపు, ఇంకో రకం నింపి పాదరసం చుక్క వేస్తే నీలం. ఆ వెలిగేది గాలీ కాదు, మంటా కాదు, నాలుగో రకం పదార్థమనీ, దాన్ని ప్లాస్మా అంటారనీ ఆయనే చెప్పాడు. ఆస్పత్రిలో ఎక్కిస్తారే, అదా అన్నాను. అది వేరూ ఇది వేరూ అని ఓపిగ్గా విడమరిచాడు. నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పిన మగవాళ్ళు నా జన్మలో ఇద్దరే. ఒకరు ఈయన. రెండోవారు మా ఆయన, అదీ పెళ్ళైన కొత్తలో.

తర్వాత ప్లాస్టిక్ పట్టీలో చిన్న చిన్న దీపాలు గుచ్చిన బోర్డులు వచ్చాయి. గాజు అడిగేవాళ్ళు తగ్గారు. నెలకు రెండు పనులు, ఆపైన ఏడాదికి రెండు. చేతిలో విద్య ఉండి, చేతికి పని లేకపోతే మనిషి ఏం చేస్తాడు? తన కోసమే గొట్టాలు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఈ గ్యాసులో ఆ గ్యాసు కలిపి చూడటం, ఏ రంగొస్తుందో రాసుకోవడం.

ఆయన పనిగది సరిగ్గా మా స్నానాలగదికి అవతల ఉండేది. రెండిళ్ళూ ఒకాయనే కట్టించాడు. నీళ్ళకు ఇనప గొట్టం ఒకటే వేసి, గోడలోంచి ఇటునుంచి అటు పోనిచ్చాడు. ఈ హై వోల్టేజి పనివాళ్ళకు ఒక అలవాటుంది. ఎర్తు తీగను పట్టుకెళ్ళి దగ్గరలో ఉన్న నీళ్ళ గొట్టానికి బిగించేస్తారు. ఆయనకు పని నేర్పిన పెద్దాయన అలాగే చేసేవాడట. ఈయనా అలాగే చేశాడు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నా జుట్టింకా తడిగానే ఉంది.

“అక్కయ్యా, పన్నెండు పెడితే పద్దెనిమిది వస్తోంది.”

“ఏమిటవి, గుడ్లా?”

“కరెంటు.”

వెళ్ళి చూశాను. మూరెడు గొట్టం ఊదారంగులో వెలుగుతోంది. దాని చివరకీ నీళ్ళ గొట్టానికీ మధ్య ఒక చిన్న బల్బు. గొట్టంలోకి పోతున్న కరెంటు కంటే ఆ బల్బులో వెలుగుతున్నది ఎక్కువని మీటర్లు చూపించాడు. నాకు మీటర్లు తెలియవు. ఆయన మొహం తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆ మొహం అంత వెలుగు ఎప్పుడూ చూపించలేదు.

అప్పటి నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టి, బల్బు ఎప్పుడు వెలిగిందో, ఎంతసేపు వెలిగిందో నిమిషాలతో సహా రాసేవాడు. వీధిలో నవ్వుకున్నారు. గడ్డి కట్టలు కట్టినట్టు కరెంటు కట్టలు కట్టి అమ్ముతాడా అన్నారు. నవ్విన నాపచేనే పండుతుంది చూస్తూ ఉండండర్రా అని నేనే వాళ్ళ నోళ్ళు మూయించాను.

పేటెంటుకు పెట్టాలంటే కనిపెట్టినదాన్ని క్లెయిములుగా రాయాలట. ఇదిగో ఇంతమేరకు నాది, దీన్ని ఇంకొకరు చేయడానికి వీల్లేదు అని పొలం గట్టు వేసుకున్నట్టు. ఒక్కో క్లెయిమూ ఒకే వాక్యంగా ఉండాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మా అత్తగారు తిట్టేది కూడా అలాగే, ఆవిడకు చెప్పి ఉంటే గంటలో రాసిపెట్టేది అన్నాను. రోజూ మధ్యాహ్నం నాకు చదివి వినిపించేవాడు. నీకు అర్థమైతే ఆఫీసువాళ్ళకూ అర్థమవుతుందనేవాడు. నేను మూతి తిప్పితే మళ్ళీ రాసేవాడు. అలా పదకొండు తయారయ్యాయి. ఒకటి నాకింకా నోటికి వచ్చు: రెండు గ్యాసులు కలిపి నింపిన గాజు గొట్టమూ, దానిని నీళ్ళ గొట్టం ద్వారా భూమికి కలిపే తీగా కలిగి, పెట్టినదానికంటే ఎక్కువ కరెంటును ఇచ్చునట్టి పరికరము. ఏడోది, ఆ కరెంటు సూర్యోదయం తర్వాతి తొలి రెండు గంటల్లో మిక్కిలిగా ఉండునట్టిది. ఎందుకలా అని అడిగితే, పొద్దు పొడిచే వేళ భూమిలో ఏదో కదులుతుంది అక్కయ్యా, అదేమిటో పెద్ద చదువులవాళ్ళు చెప్పాలి అన్నాడు. పదకొండోది, తగిన పరిస్థితుల్లో ఆ కరెంటు రోజంతా వచ్చునట్టిది. ఆ పరిస్థితులేమిటో తనకూ తెలియదు. కానీ నలభై రోజులు వరసగా అలా వెలిగింది, పుస్తకంలో ఎర్రసిరాతో ఉంది.

ఆ నలభై రోజులూ నాకు వేరే విధంగా గుర్తు. మా ఆయన మంచాన పడ్డారు. ఈ తమ్ముడు రోజూ వచ్చి, బావగారూ అంటూ కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఇలాంటప్పుడు చెప్పకూడదక్కయ్యా, కానీ ఆ బల్బు రోజంతా వెలుగుతోంది అన్నాడు తల వంచుకుని. పోనీలే, గోడకు ఒక పక్కనైనా మంచి జరుగుతోందన్నాను.

మా ఆయన పోయాక ఏడాదికి తమ్ముడు దరఖాస్తు పంపాడు. ఏళ్ళు గడిచాక జవాబొచ్చింది. పెట్టినదానికంటే ఎక్కువ రావడం తెలిసిన సూత్రాలకు విరుద్ధం, ఆ అదనపు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పాలి, ఫలానా తేదీన విచారణకు రండి అని. ఆయనేం బెదరలేదు. ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదు, వస్తున్నది మాత్రం నిజం అని రాసుకున్నాడు. అప్పటికే ఊపిరితిత్తులు బాగోలేవు. మెట్లెక్కితే ఆయాసం. నేను పోయేలోగా ఒక్క కాగితం నా పేరు మీద రావాలి అక్కయ్యా, నా అక్షరాలన్నీ ఎవరెవరి దుకాణాల పేర్లే, నా పేరు ఎక్కడా వెలగలేదు అన్నాడు. ఆయన దేనికి పాకులాడుతున్నాడో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది.

విచారణ ఇంకా పద్నాలుగు రోజులుందనగా మా కోడలు స్నానాలగదిలో కేకేసింది. కుళాయి పట్టుకుంటే చెయ్యి లాగేసిందట.

ఆ కుళాయి సంగతి నాకు కొత్తకాదు. ఏళ్ళ తరబడి ముట్టుకున్నప్పుడల్లా చీమలు పాకినట్టు ఉండేది. ఒకసారి మా ఆయనతో అంటే, నీకు నరాల బలహీనత అన్నారు. ఆ కుళాయికి నీళ్ళు కాచే హీటరు ఆయన స్వయంగా, తన చేత్తో బిగించింది. దానికి వంక పెడితే చిన్నబుచ్చుకునేవారు. ఆయన పోయాక దాన్ని విప్పించడానికి నాకే మనసొప్పలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని కుళాయి తిప్పేదాన్ని. వీధిలో ఏ ఇంట్లో ఏం పాడైందో చెప్పగలిగిన నేను, మా ఇంటి కుళాయి సంగతి ఒక్కరికీ చెప్పలేదు.

మా అబ్బాయి ఇక నా మాట వినలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొత్త హీటరు పెట్టించాడు. పాతదాన్ని పారెయ్యనివ్వక పెరట్లో గోడ వారగా పెట్టించాను.

మర్నాటి నుంచి అవతల గొట్టం బల్బు వెలగలేదు.

మొదటి రోజు ఆయన గొట్టం మార్చాడు. రెండో రోజు గ్యాసు మార్చాడు. నాలుగో రోజుకు గోడ అవతల గాజు పగిలిన చప్పుడు. మరదలు వచ్చి, తిండి మానేశాడని, ఆ రబ్బరు గొట్టం నోట్లోంచి తీయడం లేదని, ఊది ఊది రక్తం కక్కుకుంటాడని ఏడ్చింది. కిందటి సోమవారం నుంచీ ఇంతే వదినగారూ అంది. సోమవారం అంటే మా కొత్త హీటరు బిగించిన మర్నాడు.

పనేమీ లేకపోయినా ఎలక్ట్రీషియన్‌ను మళ్ళీ పిలిపించాను. ఆ పాత హీటరు గురించి అడిగాను. అతను నవ్వాడు. పెద్దమ్మా, లోపల తీగ కాలి, స్విచ్చు వేసినప్పుడల్లా కరెంటంతా నీళ్ళ గొట్టంలోకి దిగుతోంది, ఇన్నేళ్ళూ మీ గొట్టం నిండా కరెంటే అన్నాడు. మరి మేమెలా బతికాం అన్నాను. గోడ అవతల ఎవరో దాన్ని ఎర్తుకు లాగేస్తున్నారు, లేకపోతే ఎప్పుడో కొట్టేసేది అన్నాడు.

అతను వెళ్ళాక అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. పొద్దుటే నా స్నానం. తర్వాత అబ్బాయిది. ఆ తర్వాత కోడలిది. సూర్యోదయం తర్వాతి తొలి రెండు గంటలు.

ముందు మరదలికి చెప్పాను. వినగానే నా చేయి పట్టుకుంది.

“చెప్పొద్దు వదినగారూ. కాదనేదేదో ఆ ఆఫీసువాళ్ళనే అననివ్వండి. వాళ్ళకేం తెలుసులే అనుకుని ఆయన బతుకుతారు. మీరంటే ఆయన ఇంక ఏమనుకుంటారు?”

ఆవిడ మాటా నిజమే. రెండు రోజులు నోరు మూసుకున్నాను. అది నాకెంత కష్టమో మా వీధంతటికీ తెలుసు. మూడో రోజు ఆయనే గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. గడ్డం మాసింది. వేళ్ళకు కాలిన బొబ్బలు.

“అక్కయ్యా, ఈ వీధిలో చీమ కదిలినా నీకు తెలుస్తుంది. నా గదిలో అంతా అలాగే ఉంది. కిందటి సోమవారం ఏం మారిందో కొంచెం ఆలోచించి చెప్పవూ?”

ముప్పై ఏళ్ళుగా నేనే అందర్నీ అడిగాను. ఎవరి జవాబు కోసమూ ఇంతలా ఎదురుచూడలేదు, ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డట్టు. అబద్ధం నోటిదాకా వచ్చింది.

“నీ గదిలో కాదు తమ్ముడూ,” అన్నాను. “మా ఇంట్లో మారింది.”

అంతా విన్నాడు. కోపం రాలేదు. నువ్వు చదువుకోనిదానివి, నీకేం తెలుసు అనలేదు. పరీక్ష చేసి చూద్దాం అన్నాడు, అంతే. ఎలక్ట్రీషియన్ వచ్చి పాత హీటరును తాత్కాలికంగా మళ్ళీ బిగించాడు. ఎవరినీ కుళాయి ముట్టుకోవద్దన్నాడు. తమ్ముడు పనిగదిలో గొట్టం వెలిగించుకుని కూర్చున్నాడు. నేను ఇటువైపు స్విచ్చు దగ్గర. గోడ మీద ఆయన ఒకసారి తడితే నేను వేయాలి, రెండుసార్లు తడితే ఆపాలి.

ఒక తట్టు. వేశాను. చాలాసేపటికి రెండు తట్లు. ఆపాను. మళ్ళీ ఒకటి. ఒక్కసారితో వదిలేస్తాడనుకున్నాను. ఇరవైసార్లు చేయించాడు. ఆ గోడ మీద తట్టిన చప్పుడులో తొందర లేదు, తడబాటు లేదు. గాజు వంచే చేయి అది. ఇరవయ్యోసారి తర్వాత చప్పుడు ఆగిపోయింది. అవతలికి వెళ్ళేసరికి నోటుపుస్తకంలో ఇరవై వరసలూ రాసి, కింద గీత కొట్టి కూర్చున్నాడు.

నన్ను కూర్చోమని పాత పేజీలు తీశాడు. ఆరు గంటలకు ఎవరు అన్నాడు. నేను అన్నాను. ఆరున్నరకు? అబ్బాయి. ఏడింటికి? కోడలు. ఈ వేసవిలో పదిహేను రోజులు అసలు వెలగలేదేం అన్నాడు. మేం ఊళ్ళో లేము తమ్ముడూ అన్నాను. భూమి వేడెక్కడం వల్లనని రాశానక్కయ్యా అన్నాడు, కొంచెం నవ్వి. ఒక్కో పేజీలో మా ఇంటి స్నానాలన్నీ ఉన్నాయి. జ్వరమొచ్చి మానేసిన రోజులతో సహా.

తర్వాత ఎర్రసిరా పేజీలు వచ్చాయి. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. పుండ్లు పడకుండా పూటపూటకీ వేణ్ణీళ్ళతో మా ఆయన ఒళ్ళు తుడిచిన నలభై రోజులవి. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, “బావగారి బాధ మీద క్లెయిము వేశాను,” అన్నాడు. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరుకోలేక అన్నాను, నీ తీగ లాగేయబట్టే మేమంతా ఇన్నేళ్ళు బతికామట, ఆ ఎలక్ట్రీషియనే చెప్పాడు, నీ గొట్టం ఉత్తినే పోలేదు అని.

“అది క్లెయిము కాదక్కయ్యా,” అన్నాడు.

విచారణ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. వెళ్ళకుండా ఉంటే వాళ్ళే దరఖాస్తు కొట్టేసేవారు. పాత హీటరు ఎలాగూ మా పెరట్లోనే ఉంది, దాన్ని మళ్ళీ బిగించి వాళ్ళకు వెలుగు చూపించే దారి కూడా ఉంది. ఆయన రెండూ చేయలేదు. ముందురోజు నాకు చదివి వినిపించిన కాగితం పట్టుకెళ్ళాడు. అది కూడా ఒకే వాక్యం: దరఖాస్తుదారుడు చెప్పిన అదనపు కరెంటు పొరుగింటి పాడైన నీళ్ళ హీటరు నుంచి వచ్చినదని తేలినందున పదకొండు క్లెయిములనూ వెనక్కి తీసుకుంటున్నాడు. బావగారి పేరు రాయలేదక్కయ్యా అన్నాడు.

తిరిగొచ్చాక చెప్పాడు. ఆ ఆఫీసులో ఒకావిడ కాగితం రెండుసార్లు చదివిందట. ఎక్కడి నుంచి వస్తోందో చెప్పండని మేం అందరికీ రాస్తూనే ఉంటాం, వచ్చి చెప్పింది మీరొక్కరే, ఇది మీరే కనిపెట్టారా అని అడిగిందట. మా అక్కయ్య కనిపెట్టింది అని చెప్పాడట. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాడు పాపం.

ఆ తర్వాత ఆయన మంట వెలిగించలేదు. గోడ మీది కాగితాలు మాత్రం అలాగే ఉంచాడు. నేను వెళితే పక్కకు జరిగి చోటిచ్చేవాడు, కానీ ఏమీ చెప్పేవాడు కాదు. నేనూ అడగడం మానేశాను. మరదలు నాతో మాట్లాడటం మానేసింది. రెండో ఏడు వానల్లో ఆయన పోయాడు. ఆఖరి రోజుల్లో ఒక్కో ఊపిరీ తీసుకోవడం చూస్తుంటే, ఇంత కొలిచి వాడినవాడికి ఇంత తక్కువ మిగిలిందేమిటా అనిపించింది.

నెల తర్వాత మరదలే మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆ నోటుపుస్తకం. ఇది మీకివ్వమన్నారు వదినగారూ అంది. లోపలికి రమ్మన్నాను, వచ్చింది. ఇద్దరం టీ తాగాం. ఆయన మాట ఎత్తలేదు.

ఆవిడ వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని ఎర్ర పేజీలు తీశాను. మా ఆయన ఆఖరి నలభై రోజులు నాకే సరిగా గుర్తులేవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అక్కడ గంటలూ నిమిషాలతో ఉన్నాయి. ఆఖరి వరస: సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ పాతిక వరకు, మంచి వెలుగు. దాని కింద మర్నాటి తేదీ వేసి, వెలుగు లేదు, కారణం తెలియదు అని రాసి ఉంది. ఆ మాటలు కొట్టేసి, పక్కన కొత్త సిరాతో, వణికిన అక్షరాలతో రాశాడు: బావగారు వెళ్ళిపోయారు.

నాలుగూ పదికి నేను ఏం చేస్తున్నానో ఇప్పుడు గుర్తొచ్చింది. పాదాలు తుడుస్తున్నాను. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా అని అడిగాను. బాగున్నాయి, ఇంకాసేపు తుడు అన్నారు.